బాటిల్ ఎక్కించుకున్న సంగతి కూడా చెప్పండి

(నల్లగొండలో విశ్రాంత ఉద్యోగులు ఒక ఆదివారం పొద్దున పెట్టుకున్న ఆరోగ్య సభలో, నోటి శస్త్రచికిత్స చేసే డాక్టరు ఒకరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనుక కూర్చున్నోళ్లకు వినిపిస్తుందా? ఫ్యాన్ బంద్ చేస్తమంటున్నరు, వద్దు వద్దు, ఉండనీయండి. ఈ ఎండల ఫ్యాన్ బంద్ చేస్తే సగం మంది ఇప్పుడే లేచిపోతరు. నేనే జర గొంతు పెంచుత.

నేను ఇయ్యాల బొక్క గురించి మాట్లాడుత. చదువుకునే రోజుల్ల నా రూమ్మేటు గుంటూరు వాడు. నేను మొదటిసారి "బొక్క విరిగింది" అంటే వానికి సమజ్ కాలే. వాళ్ల దిక్కు బొక్క అంటే రంధ్రం. రంధ్రం ఎట్ల విరుగుతదిరా అని అడిగిండు. మనకేమో బొక్క అంటే ఎముక. నవ్వకండి, ఇయ్యాల నేను చెప్పే రోగంల ఆ రెండు అర్థాలూ ఉన్నయి. దవడ బొక్కల బొక్క పడుడు. ఇద్దరం కరెక్టే అన్నట్టు.

ఒక అమ్మ గురించి చెప్పి మొదలుపెడుత. పేరు చెప్ప, ఊరు కూడా చెప్ప. దేవరకొండ దిక్కు అనుకోండి. అరవై దాటినయి. కింది దవడల దంతం పుచ్చిపోయి, కదులుకుంట, నిద్ర లేకుంట చేస్తున్నది. నేను చూసిన, పీకాలె అన్న. పీకే ముందు అడగవలసింది అడిగిన: "అమ్మా, షుగర్ ఉందా? లేదు. బీపీ? ఉంది, గోలీ వేసుకున్న. ఇంకేమన్న గోలీలు వాడుతున్నవా?" "కీళ్లవాతం గోలీలు సారు, ఆరేడేండ్ల సంది." రాసుకున్న. పీకిన. రెండు నిమిషాల పని, దూది పెట్టి పంపిన.

పది రోజులకు వచ్చింది. గాయం మానలే. కడిగిన, మందు రాసిచ్చిన. నెలకు వచ్చింది. మానలే. మళ్ల కడిగిన. రెండు నెలలకు వచ్చి ఏమన్నదంటే, "సారూ, నాలుకకు రాయి తాకుతుంది." లైటు పెట్టి చూస్తే రాయి కాదు, బొక్క. చిగురు లేకుంట, పసుపు తిరిగిన తెల్లటి బొక్క, వేలి గోరంత, బయటికి కనిపిస్తున్నది. నొప్పి కూడా పెద్దగ లేదు. గదే విచిత్రం. చచ్చిన బొక్కకు నొప్పి ఎక్కడిది?

అప్పుడు నాకు చెమట పట్టింది. కోడలిని అడిగిన, ఇంట్ల ఉన్న కాగితాలన్నీ తెమ్మన్న. ప్లాస్టిక్ సంచిల తెచ్చింది. ఆ కట్టల నడుమ హైదరాబాద్ దవాఖాన చీటీ ఒకటి: జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, ఏడాదికి ఒకసారి, మూడేండ్లు. "అమ్మా, ఇది చెప్పలేదేందమ్మా?" అంటే, ఆమె నన్నే విచిత్రంగ చూసింది. "నువ్వు గోలీలు అడిగినవు సారూ. అది గోలీ కాదు గద. బాటిల్ ఎక్కించిండ్రు. బలానికి అనుకున్న."

తప్పు ఎవరిది? చెప్పండి. ఆమెదా? ఆమె నేను అడిగినదానికి సరైన జవాబు చెప్పింది. తప్పు నాది. నా ప్రశ్న తప్పు. ఇంకో తప్పు కూడా నాదే. కీళ్లవాతం, ఆరేడేండ్ల సంది గోలీలు, ఆ మాట చెవిల పడంగనే నాకు గంట కొట్టాలె. ఎందుకు కొట్టాలెనో గంటసేపు చెప్పే ముచ్చట గని, కుదించి చెప్త.

బొక్క అంటే మనం ఏమనుకుంటం? రాయి లెక్క, కట్టె లెక్క. చచ్చినా మిగిలేది గదే కాబట్టి, బతికున్నప్పుడు గూడ అది చచ్చినదే అనుకుంటం. కాదు. బొక్కకు నెత్తురు ఉంటది. ప్రాణం ఉంటది. రోజూ పాత బొక్క కొంచెం కొంచెం పోతుంటది, కొత్తది వస్తుంటది. ఒంట్లనే ఇద్దరు పనోళ్లు ఉన్నరు. ఒకడు పాత గోడ కూల్చెటోడు, ఇంకొకడు కొత్త గోడ కట్టెటోడు. కూల్చెటోడు ముందు పోతడు, పగిలింది, పాడైంది, పుచ్చింది అంత తవ్వి తీస్తడు. వాని వెనుకనే మేస్త్రి వస్తడు. కూల్చెటోడు రాకపోతే మేస్త్రికి పని తెల్వదు. ఈ ఒక్క మాట యాది పెట్టుకోండి, ఇంక మిగిలింది దానంతటదే వస్తది.

బొక్క గట్టిగున్నంత మాత్రాన మంచిగున్నట్టు కాదని నల్లగొండోళ్లకు వేరే ఎవరన్న చెప్పాల్నా? మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగినోళ్ల ఎక్స్‌రే చూస్తే బొక్క తెల్లగ, మందంగ, మస్తు గట్టిగ కనిపిస్తది. మనిషేమో వంగిపోయి ఉంటడు. మెడ తిరగది, నడుము లేవది. బొక్క చిక్కబడ్డది గని బలం పోయింది. గార పళ్లు మన జిల్లాల ఎంతమందికి ఉన్నయో నాకంటే మీకే ఎక్కువ తెలుసు, మీలనే సగం మంది చిన్నప్పుడు బోరింగు నీళ్లు తాగినోళ్లు. లెక్క చూస్తే ఎట్ల కనిపిస్తది అనేది వేరు, లోపల పని నడుస్తున్నదా లేదా అనేది వేరు.

ఇగ మందుల కాడికి వద్దం.

కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, అది అరుగుదల నొప్పి కాదు. మన ఒంటిని కాపాడే సైన్యమే మన కీళ్ల మీద పడి కొడుతుంటది. లూపస్ అనే రోగం గూడ అంతే. అందుకని ఆ సైన్యాన్ని తగ్గించే మందులు ఇస్తరు. ఇమ్యూనిటీని అణిచే మందులు అంటం. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్. కిడ్నీ మార్పిడి అయినోళ్లకు టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, కొందరికి సైక్లోస్పోరిన్. ఈ మందులు చెడ్డవి కావు. ఇవి లేకపోతే ఆ అమ్మ ఏడేండ్ల కిందనే మంచం పట్టేది, మార్చిన కిడ్నీ నెలల్ల పోయేది. అది మర్చిపోకండి, మళ్ల చెప్త.

కాకపోతే స్టెరాయిడ్ నెలలకొద్ది, ఏండ్లకొద్ది వాడితే బొక్క గుల్లయితది. ఇది అందరు డాక్టర్లకు తెలుసు. స్టెరాయిడ్ ముఖ్యంగ మేస్త్రి చేతులు కట్టేస్తది. కూల్చుడు నడుస్తుంటది, కట్టుడు ఆగుతది. వెన్నుపూసలు కుంగుతయి, తుంటి విరుగుతది. అందుకని మంచి డాక్టరు ఏం చేస్తడు? స్టెరాయిడ్ చాన్నాళ్లు నడిచేదుంటే బొక్కలకు కూడా మందు పెడతడు. కొందరికి అలెండ్రోనేట్ గోలీ, వారానికి ఒకటి, పొద్దుగాల పరిగడుపున, గిలాసెడు నీళ్లతోని, వేసుకున్నంక అరగంట పండుకోవద్దు అని చెప్తరు. కొందరికి జోలెడ్రోనిక్ యాసిడ్, ఏడాదికోసారి సెలైన్ లెక్క ఎక్కిస్తరు. కొందరికి డినోసుమాబ్, ఆర్నెల్లకోసారి చర్మం కింద సూది. ఈ మూడూ చేసే పని ఒక్కటే. కూల్చెటోని చెయ్యి పట్టుకొని ఆపుడు.

ఇప్పుడు చూడండి. స్టెరాయిడ్ మేస్త్రి చేతులు కట్టింది. ఈ మందు కూల్చెటోని చేతులు పట్టుకుంది. పైన కాపలాకు ఉండే సైన్యాన్ని మెథోట్రెక్సేట్ తగ్గించింది. గోడ నిలవడ్డది, నిజమే, విరగట్లే. కానీ మరమ్మతు? మరమ్మతు ఆగింది. ఆ టైములనే మా లాంటోడు వచ్చి ఆ గోడల నుంచి ఒక ఇటుక పీకిండు. అంటే పన్ను పీకిండు. ఏమైతది?

ఇంగ్లీషుల దీనికి పెద్ద పేరు ఉంది, మెడికేషన్ రిలేటెడ్ ఆస్టియోనెక్రోసిస్ ఆఫ్ ద జా. మందుల వల్ల దవడ ఎముక చచ్చిపోవుడు. ఇమ్యూనిటీ అణిచే మందు ఒక్కటే వాడినోళ్లల ఇది వచ్చుడు చాలా అరుదు. మెథోట్రెక్సేట్‌తోని గని, కొత్త బయలాజికల్ సూదులతోని గని అక్కడక్కడ కేసులు రాసిండ్రు, అంతే. కానీ బొక్కల మందు, ఇమ్యూనిటీ మందు రెండూ జోడైతే ముప్పు పెరుగుతది. అమెరికా నోటి శస్త్రచికిత్స నిపుణుల సంఘం 2022ల ఇచ్చిన నిర్వచనంలనే ఆ మాట ఉంది: బొక్కల మందు ఒక్కటిగా గానీ, ఇమ్యూనిటీని మార్చే మందులతో కలిపి గానీ వాడినోళ్లు అని. అదే నిర్వచనంల ఇంకో రెండు షరతులు: బొక్క బయటపడి ఎనిమిది వారాలు దాటాలె, ఆ దవడకు రేడియేషన్ ఇచ్చి ఉండొద్దు. నేను చెప్పిన ఆ అమ్మ రాయి తాకుతుందని వచ్చేటప్పటికి పన్ను పీకి ఎనిమిది వారాలు దాటినయి.

ఒక ప్రశ్న రావాలె మీకు. మనిషికి రెండొందల చిల్లర బొక్కలుంటే దవడనే ఎందుకు? తొడ బొక్క ఎందుకు చావదు?

మంచి ప్రశ్న, అడిగినందుకు థ్యాంక్స్... అడగలేదా? సరే, నేనే అడుగుకున్న. తొడ బొక్క మీద ఎంత కండ, ఎంత తోలు ఉంటది? దవడ బొక్క మీద ఏముంటది? పల్చటి చిగురు, కాగితం మందం. ఆ చిగురులకెళ్లి పన్ను బయటికి మొలుస్తది. ఒంట్ల ఏ బొక్కల నుంచైనా ఇట్ల బయటికి ఏమన్న పొడుచుకొస్తదా? పన్ను ఒక్కటే. లోపల బొక్క, బయట ప్రపంచం, నడుమ చిగురు ఒక్కటే కాపలా. ఇగ నోట్ల ఉండే క్రిములకు లెక్కే లేదు. పైగా మూడు పూటల నమలాలె. జొన్న రొట్టె, మక్క గుడాలు, ఎండాకాలం మామిడి టెంకె. అంత పని చేసే బొక్క కాబట్టి మిగతా బొక్కల కంటే ఇక్కడ పాత బొక్క పోవుడు, కొత్తది వచ్చుడు చాలా జోరుగ ఉంటది. మరమ్మతు ఎక్కువ అవసరమున్న కాడనే మరమ్మతు ఆపినమన్నట్టు. అందులో గూడ కింది దవడకు నెత్తురు సరఫరా తక్కువ. ఈ కేసుల్ల సుమారు నాలుగింట మూడు వంతులు కింది దవడలనే.

చరిత్ర కొంచెం చెప్త, ఇక్కడ సోషల్ సార్లు ఉన్నరు కాబట్టి. పంతొమ్మిదో శతాబ్దంల యూరప్‌ల అగ్గిపుల్లలు తెల్ల భాస్వరంతోని చేసేటోళ్లు. ఆ ఫ్యాక్టరీలల్ల పనిచేసే ఆడపిల్లలకు ముందు పంటి నొప్పి, తర్వాత చీము, తర్వాత దవడ బొక్క కుళ్లి బయటపడేది. వాసన భరించలేక ఇంట్లోళ్లే దూరం పెట్టేటోళ్లు. 1888ల లండన్‌ల ఆ ఆడపిల్లలు సమ్మె చేసిండ్రు. వాళ్ల బాధ పత్రికలో రాసి లోకానికి చెప్పింది ఎవరో తెలుసా? అనీబిసెంటు. అవును, మన దేశానికి వచ్చి హోంరూలు నడిపిన ఆమెనే. 1906ల బెర్న్‌ల దేశాలు కూడి తెల్ల భాస్వరం అగ్గిపెట్టెలు బంద్ చేద్దమని ఒప్పందం రాసుకున్నయి. మన దేశంల 1913ల చట్టమే వచ్చింది. ఆ రోగం మాయమైంది. వైద్య పుస్తకాలల్ల ఒక పేరా అయి కూర్చుంది.

మళ్ల వందేండ్లకు, 2003ల, అమెరికాల మయామిల రాబర్ట్ మార్క్స్ అనే సర్జన్ ఒక లేఖ రాసిండు. ముప్పై ఆరు మందికి దవడ బొక్క బయటపడ్డది, మానుతలేదు, అందరు కూడా బొక్కల మందు వాడినోళ్లే అని. ఎక్కువ మంది క్యాన్సర్ పేషెంట్లు. అప్పటిదాకా ఈ సంగతి ఎవరికీ పట్టలే. మొదట బిస్ఫాస్ఫొనేట్లు, అంటే అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ జాతి మందులు, ఆ ఒక్క రకం పేరుమీదనే రోగానికి పేరు పెట్టిండ్రు. తర్వాత డినోసుమాబ్‌తోని గూడ వస్తుందని తెలిసింది, క్యాన్సర్ గడ్డకు నెత్తురు అందకుంట చేసే బెవాసిజుమాబ్, సునిటినిబ్ లాంటి వాటితోని గూడ వస్తుందని తెలిసింది. 2014ల పేరు మార్చి "మందుల వల్ల" అని పెట్టిండ్రు.

ఇప్పుడు మీ మొకాలు చూస్తున్న. కొందరు ఇంటికి పోయి గోలీల డబ్బా బాయిల వేద్దమని చూస్తున్నట్టున్నరు. ఆగండి. ఎంతమందికి వస్తదో లెక్క వినండి ముందు.

బొక్కలు గుల్లయినయని అలెండ్రోనేట్ గానీ, ఏడాదికోసారి జోలెడ్రోనిక్ గానీ వాడినోళ్లు పది వేల మంది ఉంటే, ఈ రోగం వచ్చేది ఇద్దరి నుంచి ఐదుగురికి. పది వేలల్ల ఐదుగురు. డినోసుమాబ్‌తోని ఇంకా ఎక్కువ, అయినా ఎక్కువల ఎక్కువ వెయ్యికి ముగ్గురు. క్యాన్సర్ బొక్కలకు పాకినోళ్లకు అదే జోలెడ్రోనిక్ నెలకోసారి, మూడు నెల్లకోసారి ఇస్తరు, మొత్తం కలిపితే డోసు ఎక్కువ, కాబట్టి వాళ్లల్ల వందకు ఒకరి నుంచి ఐదుగురి దాకా అని ఎక్కువ లెక్కలు చెప్తున్నయి. ఇగ ఇంకో దిక్కు చూడండి. మందు వాడకపోతే తుంటి విరిగి మంచాన పడేటోళ్లు ఎంతమంది? అరవై ఐదేండ్ల మనిషి తుంటి విరిగితే ఏమైతదో మీ ఇండ్లల్ల చూసే ఉంటరు. తుంటి విరిగిన ముసలోళ్లల్ల ఏడాది లోపల పోయెటోళ్లు తక్కువ లేరు. కాబట్టి మందు ఆపుడు తెలివి కాదు.

డినోసుమాబ్ అయితే ఇంకా పైలం. అది మధ్యల ఆపితే కూల్చెటోడు ఒక్కసారే పది మందిని తోలుకొని వచ్చినట్టు వస్తడు. వెన్నుపూసలు ఒకటి తర్వాత ఒకటి పలుగుతయి. పన్ను పీకాలని చెప్పి ఎవరూ వాళ్లంతట వాళ్లు ఆ సూది ఎగ్గొట్టొద్దు. స్టెరాయిడ్ గూడ అంతే, చాన్నాళ్లు వాడి ఒక్కసారి ఆపితే మనిషి పడిపోతడు. ఆపేదా, ఉంచేదా రాసిన డాక్టరు చెప్పాలె.

స్టెరాయిడ్ అన్నంక ఒక మాట, సభల చెప్పొచ్చో చెప్పొద్దో గని చెప్త. మోకాళ్ల నొప్పులకు ఊర్లల్ల పొట్లం కట్టి ఇస్తరు. పేరుండదు, అట్ట ఉండదు. ఒక తెల్లది, ఒక ఎర్రది, ఒక చిన్నది. రెండు రోజులల్ల నడుస్తరు, దేవుడు అంటరు. ఆ చిన్నది చానాసార్లు స్టెరాయిడే. మొకం ఉబ్బుతది, షుగర్ పెరుగుతది, బొక్క గుల్లయితది, పన్ను పీకినంక పుండు మానది. ఆ పొట్లం వాడేటోడు "నేను ఏ మందూ వాడుతలేను డాక్టర్" అంటడు. అబద్ధం కాదు, వానికి తెల్వదు. ఆ పొట్లం నాకు తెచ్చి చూపెట్టండి. తిట్ట. తిట్టినా గట్టిగ తిట్ట.

షుగరూ, స్టెరాయిడూ కలిస్తే దవడకు ఏమైతదో 2021ల అందరం చూసినం గద. కరోనా తగ్గింది అనుకున్నంక నల్ల ఫంగస్ వచ్చింది. మీద దవడ బొక్క, ముక్కు, కన్ను. అప్పుడు హైదరాబాద్‌ల కోఠి ఈఎన్‌టీ దవాఖానకు మన జిల్లా నుంచి కూడా తోలినం. అది ఫంగస్, ఇది వేరే రోగం, రెండింటినీ కలపకండి. కాపలా తగ్గిన నోరు ఎంత నాజూకో చెప్పడానికి అన్న.

సరే. మరి ఏం చేయాలె?

మొట్టమొదలు, బొక్కల మందు మొదలుపెట్టకముందే పళ్లు చూపెట్టుకోండి. అసలు ముచ్చట మొత్తం ఇక్కడుంది. పీకేది ఉంటే అప్పుడే పీకాలె, మూడు వారాలు గాయం మాననియ్యాలె, తర్వాత సూది. కట్టుడు పళ్లు ఒరుసుకుంటుంటే సరిచేయించుకోవాలె. కీళ్ల డాక్టరు, కిడ్నీ డాక్టరు, క్యాన్సర్ డాక్టరు, వీళ్లకు ఈ సంగతి తెలుసు, కానీ ఓపీల నూట ఇరవై మంది కూర్చుంటే పంటి ముచ్చట ఎప్పుడు చెప్తరు? మీరే అడగండి: "సార్, ఈ మందుకు ముందు పళ్లు చూపెట్టుకోమంటరా?" అంతే మాట. క్యాన్సర్ వాళ్లకు టైం లేకపోతే మందు ఆపకుంటనే చేయాలె, అది డాక్టర్లు మాట్లాడుకుంటరు.

ఇప్పటికే మొదలైనోళ్లు? భయం వద్దు. పళ్లు కడుగుడు, గార తీయించుకునుడు, సిమెంటు నింపుడు, రూట్ కెనాల్, అన్నీ చేయించుకోవచ్చు. పీకే పన్నుకు రూట్ కెనాల్ చేసి ఉంచగలిగితే ఉంచుతం. పైన పగిలిపోయినా వేరు లోపలనే ఉంచి మూసేసుడు కూడా ఒక దారి. పీకక తప్పకపోతే పీకుతం, కాకపోతే చిన్నగ, బొక్కకు దెబ్బ తగలకుంట, ముందు ముందే యాంటీబయాటిక్, క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత. డినోసుమాబ్ వాడేటోళ్లకు ఒక వెసులుబాటు: దాని బలం ఆర్నెల్లల తగ్గుతది కాబట్టి సూది పడ్డ మూడు నాలుగు నెల్లకు పీకి, మాన్పి, వచ్చే సూది టైముకు వేసుకోవచ్చు. జోలెడ్రోనిక్, అలెండ్రోనేట్‌కు ఆ వెసులుబాటు లేదు, అవి బొక్కల కలిసిపోయి ఏండ్లకేండ్లు ఉంటయి. పన్ను పీకేందుకని రెండు వారాలు గోలీ ఆపితే లాభం ఏం లేదు, వట్టిదే.

లవంగం పెట్టుకోండి, తప్పు లేదు. పొగాకు కాల్చి పెట్టుకునుడు, గుల్ అనే పొగాకు పొడి రుద్దుకునుడు, కదిలే పన్ను దారం కట్టి గుంజుకునుడు... ఇవి బంద్. అట్లనే వేప పుల్ల మంచిదే, కానీ ఇటుక పొడి తోని రుద్దితే చిగురు పోతది. మీకు ఉన్న ఒక్క కాపలా ఆ చిగురు అని చెప్పిన గద.

ఎప్పుడు పరుగెత్తుకొని రావాలె? పన్ను పీకినంక మూడు నాలుగు వారాలకు పుండు మానకపోతే. నాలుకకు గరుకుగ, రాయి లెక్క తాకితే. కారణం లేకుంట పళ్లు కదిలితే. చిగురుల నుంచి చీము, వాసన వస్తే. కింది పెదవి, గదువ మొద్దుబారితే, సూది ఇచ్చినట్టు తిమ్మిరి ఉంటే, అది అసలు ఆలస్యం చేయొద్దు. గుట్కా, జర్దా అలవాటున్నోళ్లు ఇంకా తొందరగ రావాలె, ఎందుకంటే అదే లక్షణంతోని క్యాన్సర్ కూడా రావచ్చు, ముక్క తీసి పరీక్ష చేసి చెప్తం.

ఆ అమ్మ ఏమైందని అడుగుతున్నరు ముందు వరుసల. అయ్యో, చెప్పనే లే. ఎగబడి ఆపరేషన్ చేయలే. పుక్కిలింత, యాంటీబయాటిక్, కడుగుడు, ఓపిక. మూడు నాలుగు నెలలకు చచ్చిన బొక్క ముక్క బతికిన బొక్క నుంచి విడిపోయింది, తీసేసినం, చిగురు మూసుకుంది. పక్క దంతం గూడ పోయింది. కొందరికి ఇది సరిపోదు, దవడల కొంత భాగమే కోసి తీయాల్సి వస్తది, ప్లేటు పెడుతం. ఆమె అదృష్టవంతురాలు. ఇప్పుడు జొన్న రొట్టె పప్పుల నానబెట్టుకొని తింటది. నన్ను చూసినప్పుడల్లా "బాటిల్ సారు" అంటది. ఆ పేరు నాకు దక్కాల్సిందే.

అప్పటి సంది నేను ప్రశ్న మార్చిన. "గోలీలు వాడుతున్నవా" అని అడుగుత లేను. "గోలీలు, సూదులు, బాటిళ్లు, పొట్లాలు. రోజూ గానీ, వారానికోసారి గానీ, ఆర్నెల్లకోసారి గానీ, ఏడాదికోసారి గానీ, ఐదేండ్ల కింద గానీ." పాట లెక్క అయింది. కాంపౌండరుకు కూడా నోటికొచ్చింది.

ప్రశ్నలు అడగండి ఇగ.

సార్, మీరు. మెథోట్రెక్సేట్ గురించి. అవును, నోట్ల పొక్కులు వస్తయి. మొదలు ఒకటి చెప్పండి, మీరు అది ఎప్పుడెప్పుడు వేసుకుంటరు? వారానికోసారి. గుడ్. ఎందుకు అడిగిన అంటే కీళ్లవాతానికి అది వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే నోరంతా పూసి, నెత్తురు కణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తది. వారంల ఒక్క రోజు ఎంచుకొని, గోడకు కట్టిన క్యాలెండర్ మీద ఆ రోజుకే గీత గీయండి. ఫోలిక్ యాసిడ్ ఇచ్చిండ్రా? అది వదలొద్దు.

మేడం, మీ తమ్మునికి కిడ్నీ మార్చిండ్రు అంటున్నరు. ఆయన చిగుర్లు వాచినయా? సైక్లోస్పోరిన్ వాడితే చిగుర్లు పెరిగి పళ్ల మీదికి వస్తయి, పళ్లు శుభ్రంగ ఉంచుకుంటే తక్కువైతది. పంటి నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వేసుకోవద్దని చెప్పండి, కిడ్నీకి దెబ్బ. టాక్రోలిమస్ వాడుతుంటే క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకొనజోల్, ఇవి ఎవరన్న రాస్తే కిడ్నీ డాక్టరుకు ఫోన్ చేసినంకనే మింగాలె. అవి కలిస్తే నెత్తురుల టాక్రోలిమస్ ఒక్కసారే పెరుగుతది.

వెనుక పెద్దాయన, ఇంప్లాంటు, అంటే దవడ బొక్కల స్క్రూ దించి పెట్టే పన్ను, పెట్టించుకోవచ్చా అంటున్నరు. అలెండ్రోనేట్ నాలుగేండ్ల సంది, స్టెరాయిడ్ లేదు, షుగర్ లేదు. పెట్టించుకోవచ్చు, ముప్పు చెప్పి పెట్టాలె. నెలనెలా జోలెడ్రోనిక్ ఎక్కించుకునే క్యాన్సర్ పేషెంటు అయితే వద్దంట. మీకు నేనైతే ముందు కట్టుడు పళ్లే చెప్త, పైసలు గూడ మిగులుతయి.

ఇగ చాలు, పన్నెండు దాటింది, భోజనాలు చల్లారుతున్నయి. కానీ తినకముందే ఒక పని. బయట వేపచెట్టు కింద బల్ల, టార్చి, అద్దం పెట్టించిన. గోలీల సంచి, చీటీలు తెచ్చినోళ్లు ఒక లైన్ల నిలబడండి. తేనోళ్లు ఇంటికి ఫోన్ కొట్టి అట్టల ఫోటోలు పంపమనండి. కట్టుడు పళ్లున్నోళ్లు తీసి రుమాల్ల పట్టుకోండి, నేను చిగురు చూడాలె. సిగ్గుపడేది ఏం లేదు, పైన రెండు నావీ కట్టుడువే.